ఆరుగురికి సెలవు

నవంబర్ 3

పిన్నీ,

నీ ఉత్తరం చేరింది. ఈసారి ఒత్తులన్నీ వాటి వాటి చోట్ల బుద్ధిగా కూర్చున్నాయి. ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరాలెందుకని ఇక్కడి టీచర్లు నవ్వుతున్నారు. మా పిన్ని ముప్పై ఆరేళ్ళకు అక్షరాలు నేర్చుకుంది, వాటిని తుప్పు పట్టనివ్వదు అని చెప్పాను. ఇది అమ్మకు కూడా చదివి వినిపించు.

మా బడికి తనిఖీ వస్తోంది. ఈ నెల ఇరవై ఒకటో తారీకు. కబురు తెలిసిన గంట నుంచి మా హెడ్‌మాస్టర్ గారు పాఠాలు ఆపించేశారు. చదువు లాంటి చిన్న విషయాలకు ఇది సమయం కాదు. మూడు రోజులుగా నేను ఒక అట్ట మీద సూర్యుణ్ణి అతికిస్తున్నాను. సూర్యుడు నవ్వుతూ ఉండాలట. మొదటి సూర్యుడు కాస్త దిగులుగా వచ్చాడని హెడ్‌మాస్టర్ గారు చింపించారు.

తనిఖీ ఫారం కాపీ ఒకటి దీంతో పంపుతున్నాను, తీరిక దొరికినప్పుడు నవ్వుకోవడానికి. నలభై ప్రశ్నలు. గోడలకు పదకొండు, రిజిస్టర్లకు తొమ్మిది, మరుగుదొడ్డి తలుపు గడియకు రెండు. పిల్లలు ముప్పై ఏడో ప్రశ్నలో గానీ కనిపించరు. 'హాజరైన పిల్లల్లో ఏ ఐదుగురినైనా పిలిచి ఒక పేరా చదివించండి. నిమిషంలో చదివారా? అవును, కాదు.' అంటే ప్రాథమిక విద్య నాణ్యత నిమిషంలో తేలిపోతుందన్నమాట. మేమే తెలివి తక్కువై ఏడాదంతా తీసుకుంటున్నాం. నలభయ్యోది ఇంకా బాగుంటుంది. 'బడి గురించి ప్రజలెవరైనా అభిప్రాయం రాసి పంపారా?' కింద ఆఫీసు అడ్రసు అచ్చేశారు. ఆ ప్రశ్న పుట్టినప్పటి నుంచి ఒక్కరూ రాయలేదట.

నా మూడో తరగతిలో ముప్పై ఒక్కమంది. వెనక వరసలో నా ఆణిముత్యాలు ఆరుగురున్నారు. వాళ్ళ చదువు విని హెడ్‌మాస్టర్ గారికి కళ్ళు చెమర్చాయి. అందులో ఒకతిని కిటికీ పిల్ల అంటాను. జూన్‌లో కిటికీలోంచి బయటికి తప్ప ఎటూ చూసేది కాదు. ఇప్పుడు ఒక వాక్యం పట్టుకుందంటే గంట కొట్టినా లేవదు.

నా తరగతికి 'ఉత్తమం' గానీ 'అత్యుత్తమం' గానీ వస్తే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. రాకపోతే ఇంకో ఏడాది తాత్కాలికమే. మన ఇంట్లో ఇంతవరకు ఎవరి పేరు మీదా ఒక ఉత్తర్వు రాలేదు. అందుకే సూర్యుణ్ణి నవ్విస్తున్నాను.

నీ,
అట్టల టీచరు


నవంబర్ 10

చిట్టీ,

మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఆవిడ మోకాలు ఆవిడలాగే మొండిది, ఎవరి మాటా వినదు.

నీ ఉత్తరం ఇంట్లో ఒకసారి చదివాను, భోజనాల వేళ ఫ్యాక్టరీలో మా కుట్టు లైన్లో వాళ్ళకి ఇంకోసారి చదివాను. గుండీలు కుట్టే ఆవిడైతే 'మీ పిల్ల బడిలో హెడ్‌మాస్టరుకే కన్నీళ్ళు తెప్పించే పిల్లలున్నారా' అని రెండుసార్లు అడిగింది. మళ్ళీ ఆ ముక్కే చదివి వినిపించాను.

తనిఖీ గురించి నాకు చెప్పకు. పదకొండేళ్ళుగా చొక్కాలు చెక్ చేస్తున్నాను. కొనేవాళ్ళ తరఫు మనుషులు మా దగ్గరికీ వస్తారు. వంద పెట్టెల్లో ఒకటి విప్పి, అందులో ఐదు చొక్కాలు తీసి, కుట్లు లెక్కపెట్టి మొత్తం సరుక్కి మార్కులేస్తారు. కాబట్టి విను. నీ ఆణిముత్యాల్ని వెనక వరసలో ఎందుకు దాచావు? ముందుకి తీసుకురా. ఆ కిటికీ పిల్లని తలుపు దగ్గరే కూర్చోబెట్టు, వచ్చినాయన కన్ను ముందు దాని మీదే పడాలి. నీకు చదువుంది గానీ సరుకు సర్దడం తెలీదే.

ఫారం చదివాను. గడియ గురించి రెండు ప్రశ్నలు అడిగాడంటే ఆడపిల్లల బాధ తెలిసినవాడే. ఆ ఇన్‌స్పెక్టరుకి పెళ్ళయిందా?

ఇట్లు,
మీ పిన్ని
(మీ అమ్మ పక్కనే కూర్చుని 'వేళకి తిను అని రాయి' అంటోంది. రాశాను.)


నవంబర్ 23

పిన్నీ,

ఇన్‌స్పెక్టరు గారికి పెళ్ళయింది, ఇద్దరు మనవలు కూడా. ఆశ వదులుకో.

తనిఖీ దివ్యంగా జరిగింది. పది గంటల పది నిమిషాలకు వచ్చారు, పదకొండుకల్లా మా బడి సంగతంతా తెలుసుకుని వెళ్ళిపోయారు. గడియను మూడుసార్లు వేసి తీశారు. నవ్వే సూర్యుడి ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో. నా పాఠ్య ప్రణాళిక పుస్తకంలో మార్జిన్ గీతలు నిటారుగా ఉన్నాయని మెచ్చుకున్నారు. లోపల ఏం రాశానో చూడలేదు, నా మీద అంత నమ్మకం.

తర్వాత ఐదుగురు చదివారు. మూడు వారాలుగా రోజూ నాలుగుసార్లు చదివించిన పేరా అది. ఒకడు కంగారులో వేరే పేజీ తీసి, ఆ పేజీలో లేని మా పేరానే గడగడా అప్పజెప్పాడు. నలభై రెండు సెకన్లు. అందరికంటే వాడిదే వేగం.

నా ఆణిముత్యాలు ఆరుగురికి ఆ రోజు సెలవు. 'మీరు అందరికంటే బాగా చదివారు, అందుకే ఈ బహుమానం' అని ముందు రోజు నేనే చెప్పాను. ఆలోచన హెడ్‌మాస్టరు గారిది, నోరు నాది. కిటికీ పిల్ల 'మిగతావాళ్ళకి లేదా టీచర్' అని అడిగింది. లేదన్నాను. సంచీ కూడా సరిగ్గా తగిలించుకోకుండా ఇంటికి పరుగెత్తింది. బాగా చదివినవాళ్ళను బడికి రావద్దనే బడి ఎక్కడైనా ఉంటుందా, నువ్వే చెప్పు. మాది ఆదర్శ పాఠశాల.

మాకు 'అత్యుత్తమం' వచ్చింది. ఉత్తర్వు ఫిబ్రవరిలో వస్తుందట. హెడ్‌మాస్టరు గారు నాతో చేయి కలిపారు. అమ్మతో చెప్పు, సంతోషిస్తుంది.

ఉంటాను,
అత్యుత్తమ టీచరు


డిసెంబర్ 2

చిట్టి తల్లీ,

నీ ఉత్తరం మీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. మీ అమ్మ పక్కింటికీ ఎదురింటికీ వెళ్ళి చెప్పొచ్చింది. మోకాలు నొప్పి ఆ పూట గుర్తు రాలేదు ఆవిడకి. మా లైన్లో అందరూ చప్పట్లు కొట్టారు, సూపర్‌వైజరు వచ్చి మిషన్లు ఎందుకు ఆగాయని అరిచే వరకు.

కానీ నాకు ఒక్క విషయం మింగుడు పడలేదు. అందరికంటే బాగా చదివే ఆరుగురిని ఇంట్లో కూర్చోబెట్టి, మామూలు పిల్లల్ని చూపిస్తారా? మీ హెడ్‌మాస్టరుకి బుర్ర ఉందా? పిల్లలకి బహుమానం ఇవ్వాలంటే మర్నాడు ఇవ్వచ్చుగా. వాళ్ళు లేకుండానే అత్యుత్తమం వస్తే, వాళ్ళుంటే ఏం వచ్చేదో. నువ్వు మొహమాటానికి పోయి ఊరుకుని ఉంటావు. చిన్నప్పట్నించీ అంతే నువ్వు.

నేను ఊరుకోలేదు. నువ్వు పంపిన ఫారంలో నలభయ్యో ప్రశ్న ఉంది కదా. నేనూ ప్రజల్లో మనిషినే. మూడు రోజులు కూర్చుని రాశాను, నాలుగు కాగితాలు పాడయ్యాయి. నకలు ఇది:

'అయ్యా, నేను మూడో తరగతి టీచరుకి పిన్నిని. మీరు వచ్చిన రోజు ఆ తరగతిలో అందరికంటే బాగా చదివే ఆరుగురు లేరు. బాగా చదివినందుకే వాళ్ళకి సెలవిచ్చారు. ఈ సంగతి మీకు చెప్పడం మర్చిపోయినట్టున్నారు. మా ఫ్యాక్టరీలో మేలు సరుకు బీరువాలో పెట్టి మామూలుది చూపించరు. మీరు పెద్ద మనసు చేసుకుని మళ్ళీ వచ్చి ఆ ఆరుగురి చేత చదివించుకుని వినండి. ముఖ్యంగా కిటికీ దగ్గర కూర్చునే పిల్ల. ఆ పిల్ల చదువు చూస్తే మా అమ్మాయి ఎంత కష్టపడిందో మీకే తెలుస్తుంది. తప్పులుంటే మన్నించండి.'

ఒత్తులు సరిగ్గా ఉన్నాయా? పంపేశాను, ఇప్పుడు దిద్దడానికి లేదు.

గర్వంగా,
మీ పిన్ని


డిసెంబర్ 13

పిన్నీ,

నీ ఒత్తులు అద్భుతంగా ఉన్నాయి. ఆఫీసువాళ్ళు ప్రతి ఒత్తునూ చదివారు. నిన్న బడికి కాగితం వచ్చింది. 'ప్రజాభిప్రాయం మేరకు, తనిఖీ రోజున సెలవులో ఉన్న ఆరుగురు విద్యార్థులను జనవరి ఏడున ప్రత్యేకంగా పరీక్షించబడును.' దాంట్లో వాక్యం కూడా సరిగ్గా లేదు, నీ ఉత్తరమే నయం.

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఆ ఆరుగురికీ చదవడం రాదు. హెడ్‌మాస్టరు గారు కన్నీళ్ళు పెట్టుకుంది ఆనందంతో కాదు. కిటికీ పిల్ల ఒక్క వాక్యం చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, గంట కొట్టినా లేవనిది అందుకే. నేను వెటకారంగా రాశాను. నవ్వుతావనుకున్నాను. నువ్వు నిజమనుకుని, చప్పట్లు కొట్టించుకుని, ఆఫీసుకు రాశావు.

ఇప్పుడు ఏం జరుగుతుందో విను. హెడ్‌మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. 'మీ పిన్నిగారికి మనం ఏం అన్యాయం చేశామమ్మా' అన్నారు. తర్వాత ఉపాయం చెప్పారు. ఏడో తారీకున ఆ ఆరుగురికి మళ్ళీ సెలవు. నాలుగో తరగతి నుంచి ఆరుగురిని, మరీ పొడుగ్గా లేనివాళ్ళను, తెచ్చి వీళ్ళ పేర్లతో కూర్చోబెడతారు. ఆ జాబితా కింద నేను సంతకం పెట్టాలి. పెడితే ఫిబ్రవరిలో ఉత్తర్వు వస్తుంది. పెట్టకపోతే నా సంగతి నాకు తెలుసు.

పెడతాను. ఇంకేం చేయమంటావు? హాయిగా సాగుతున్న దాన్ని ఇక్కడిదాకా తెచ్చింది నువ్వు. సరిగ్గా చదవడం రానివాళ్ళు ఆఫీసులకు ఉత్తరాలు రాస్తే ఇలాగే ఉంటుంది.

చిట్టి


డిసెంబర్ 22

చిట్టీ,

ఉత్తరం అందింది. మీ అమ్మ బయట అరుగు మీద కూర్చుని చదవమంది. 'ఇంకేం చేయమంటావు?' దాకా చదివాను. చదవడం రానివాళ్ళ గురించి నువ్వు రాసిన ఆఖరి నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయాను. 'ఏం రాసిందే' అంది మీ అమ్మ. తొందరలో గిలికేసింది, అక్షరాలు తెలియట్లేదు అన్నాను. 'టీచరై ఉండి కూడానా' అని నవ్వింది. నీ కోసం అబద్ధమాడాను కాబట్టి అబద్ధాల గురించి నీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు.

నాకు వెటకారం తెలీదనుకోకు. మా లైన్లో ఉన్నంత వెటకారం నీ పుస్తకాల్లో కూడా ఉండదు. ఎదురుగా ఉండి మాట్లాడితే మొహం చూసి పట్టేస్తాను. కాగితానికి మొహం ఉండదు కదే. నువ్వు నాకు రాసిన మాటల్లో నిజమైనవీ కానివీ వేరు చేసుకోవాలని నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదువుతున్నాను, వాటిలో ఎక్కడెక్కడ నన్ను చూసి నవ్వుకుని ఉంటావో అని.

మా దగ్గర వంకర కుట్టు పడ్డ చొక్కా దొరికితే, వంకర ఉన్నచోట ఒక ఎర్ర చీటీ అంటించి కుట్టినావిడ దగ్గరికే పంపుతాం. దాన్ని దాచి ఇంకొకరి చొక్కా చూపిస్తే ఆ చెకర్ని మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. చొక్కాల సంగతి ఇది. పిల్లల సంగతి చదువుకున్నవాళ్ళకి తెలియాలి.

సంతకం పెడతావో మానతావో నీ ఇష్టం. ఉద్యోగం పోతే ఇంటికి రా, అందుకు నిన్నెవరూ ఏమీ అనరు. కావాలంటే ఆఫీసుకి ఇంకో ఉత్తరం రాసి నాదే పొరపాటంటాను. కానీ ఒక్కటి అడుగుతాను. నాలుగు నిమిషాలు పట్టినా వాక్యం వదలని పిల్ల అది, జూన్‌లో పుస్తకం వైపే చూడని పిల్ల. దాన్ని ఆణిముత్యం అని వెటకారానికి ఎందుకన్నావు?

మీ పిన్ని


జనవరి 9

పిన్నీ,

ముందుగా ఆ నాలుగు ముక్కల గురించి. అవి చదవకుండా అమ్మ దగ్గర నన్ను కాపాడావు. నేనైతే నిన్ను కాపాడేదాన్ని కాదు, ఆ కోపంలో. తప్పు నాది. నా పరువు పోతుందని భయపడి నీ చదువును ఎత్తిపొడిచాను. పాత ఉత్తరాల్లో నిన్ను చూసి నవ్వుకున్న చోట్లు వెతకకు. నన్ను చూసి నేనే నవ్వుకుంటే తప్పు చేస్తున్నట్టు అనిపించేది కాదు, అందుకే అలా రాసేదాన్ని. ఈ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టే చదువుకో.

ఆరో తారీకు మధ్యాహ్నం వరకు నేను సంతకం పెట్టేదాన్నే. జాబితా నా బల్ల మీదే ఉంది. బడి వదిలే ముందు ఆ ఆరుగురిని పిలిచి రేపు మీకు సెలవు అన్నాను. ఐదుగురు ఎగిరి గంతేశారు. కిటికీ పిల్ల కదల్లేదు. 'ఈసారి ఏం బాగా చేశాం టీచర్?' అని అడిగింది.

ఏం చెప్పాలి? వెతికాను. తట్టలేదు. 'సెలవు లేదు, నేను పొరపాటు పడ్డాను, అందరూ రండి' అన్నాను. ఐదుగురి మొహాలూ వాడిపోయాయి.

మర్నాడు నాలుగో తరగతి పిల్లలు ఆరుగురు, తలలు దువ్వుకుని, పరాయి పేర్లు కంఠస్థం చేసుకుని నా గుమ్మంలో నిలబడ్డారు. నా ఆరుగురు లోపల ఉన్నారు. హెడ్‌మాస్టరు గారు అటు చూశారు, ఇటు చూశారు. 'కోరి తెచ్చుకుంటున్నావమ్మా' అని మెల్లగా అని, పిల్లల్ని వెనక్కి తీసుకుపోయారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన్ని గోడల గురించే అడిగారు, గోడలు చూపించడం నేర్చుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు వస్తూనే 'నలభయ్యో ప్రశ్నకు నా ఉద్యోగంలో మొదటిసారి అవునని రాశాను. ఆ పిన్నిగారు మీరేనా?' అన్నారు. నేను టీచర్ని అన్నాను. జేబు గడియారం లాంటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టుకున్నారు. మొదటి ఇద్దరూ అక్షరాలు కూడబలుక్కుని ఆగిపోయారు. ముగ్గురు ఒక్కో మాట చదివారు. ఫారంలో ఐదుసార్లు 'కాదు' పడింది.

కిటికీ పిల్ల ఆఖర్న వచ్చింది. పుస్తకం ఆయనే తెరిచారు, మేం బట్టీ పట్టించని పేజీ. 'కుందేలు పెట్టెలో దాక్కుంది.' అంతే వాక్యం. నిమిషం గడిచేసరికి ఆ పిల్ల 'కుందేలు' దగ్గరే ఉంది. ఆయన 'కాదు' మీద టిక్కు పెట్టి కలం మూశారు. ఆమె ఆగలేదు. తనిఖీ అయిపోయిందని ఆమెకు తెలియదు కదా. వేలు పెట్టుకుని 'పె' దగ్గరకు వచ్చింది, 'ట్టె' దగ్గర వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆయన లేవబోయి కూర్చున్నారు. వాక్యం పూర్తి చేసింది. 'ఎందుకు దాక్కుందట?' అని అడిగారాయన. 'తర్వాతి దాంట్లో ఉంటుంది సార్' అని ఆమె రెండో వాక్యం మీద వేలు పెట్టింది. ఆయన ఉన్నారు. గంట కొట్టేదాకా ఉన్నారు. అయినా టిక్కు మార్చలేదు, మార్చడానికి ఫారంలో చోటు లేదు.

వెళ్ళే ముందు, నవంబర్‌లో వీళ్ళు ఎందుకు రాలేదో రాసిమ్మన్నారు. హెడ్‌మాస్టరు గారు నా వెనక నిలబడి 'జ్వరం, జ్వరం' అని గొణిగారు. నేను ఇలా రాశాను: 'వీళ్ళకు చదవడం రాదు కాబట్టి నేను రావద్దన్నాను. బహుమానమని అబద్ధం చెప్పాను.' రెండు వాక్యాలు. నాకూ నాలుగు నిమిషాలు పట్టింది.

మా తరగతికి ఇప్పుడు 'సాధారణం'. నా ఉద్యోగం ఇంకో ఏడాది తాత్కాలికం, పైగా ఫైల్లో ఒక మెమో. మన ఇంటికి వచ్చిన మొదటి ఆఫీసు కాగితం అదేనని అమ్మకు చెప్పు. నవ్వు వస్తే నవ్వమను. నాకు ఇంకా రావడం లేదు. వచ్చే ఏడాది ఈ ఆరుగురినీ నా దగ్గరే ఉంచమని అడిగాను. వాళ్ళ కోసం పోటీ ఎవరూ లేరు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు.

ఒక పని మిగిలింది. నిన్న బడి వదిలాక కిటికీ పిల్లను ఆపి, ఆ సెలవు బహుమానం కాదని చెప్పాను. ఎందుకిచ్చానో కూడా చెప్పాను. సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ వింది.

"మా అమ్మ అందరికీ చెప్పేసింది టీచర్. నేనే ఫస్టని."

"నేను వచ్చి మీ అమ్మకు నిజం చెప్పనా? నువ్వు వద్దంటే చెప్పను."

ఆలోచించింది. వాళ్ళ ఇల్లు ఉన్న వీధి వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

"చెప్పండి. కానీ కుందేలు వాక్యం చదివానని ముందు చెప్పండి. తర్వాత అది చెప్పండి."

ఇద్దరం కలిసి నడిచి వెళ్ళాం. వాళ్ళమ్మ తడి చేతులతో బయటికొచ్చి, టీచరు ఇంటికొచ్చిందని కంగారుపడి కుర్చీ తుడిచింది. నేను కూర్చోలేదు. ముందు కుందేలు సంగతే చెప్పాను.

నీ,
చిట్టి